బండి 'కొడుతోంది' అంటే ఎలా కొడుతోంది?

(విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, పాత కార్లు నడుపుకొనే నివాసులతో ఆటోనగర్ మెకానిక్ ఒకరు ఆదివారం ఉదయం మాట్లాడారు. ఆ మాటల పాఠం ఇది.)

అందరికీ నమస్కారమండి. మైకులో మాట్లాడటం నాకు అలవాటు లేదు. మా షెడ్డు పక్కన ఒకాయన డెంటింగ్ చేస్తుంటాడు, ఇంకొకాయన గ్రైండర్ పెడతాడు. అందుకని నాకు అరవడమే అలవాటు. కాస్త గట్టిగా వినిపిస్తే ఏమనుకోకండి.

మీటింగు తొమ్మిదింటికి అన్నారు. నేను ఎనిమిదిన్నరకే వచ్చి మీ సెల్లార్లో ఒక చుట్టు తిరిగాను. టైర్ల దగ్గర వంగి వంగి చూస్తుంటే వాచ్‌మన్‌కి అనుమానం వచ్చింది, ఎవరి తాలూకు అని అడిగాడు. పద్నాలుగు కార్లు చూశాను. ఐదింటి టైర్లకు ఏడేళ్లు దాటాయి. ఒక తెల్ల కారు ఉంది, ఎవరిదో నేను చెప్పను. దాని కుడివైపు ముందు టైరు లోపలి అంచు అరిగిపోయి, తీగ బయటపడటానికి సిద్ధంగా ఉంది. ఆ కారాయన ఈ మీటింగు అవగానే నాతో కిందికి రావాలి. హైవే ఎక్కాక చూద్దాంలే అనుకోవద్దు.

సరే, అసలు విషయం. పాత కారు మా దగ్గరికి వచ్చిందంటే ఎక్కువగా రెండు ఫిర్యాదులే. ఒకటి, పికప్ లేదు, బండి లాగట్లేదు. రెండోది, బండి కొడుతోంది.

ఈ 'కొడుతోంది' అన్న మాటతోనే సగం తంటా. మనకి అన్నీ కొట్టడమే కదండీ. జర్క్ కొడుతుంది, మిస్ కొడుతుంది, స్టీరింగ్ కొడుతుంది, గుంటలో కొడుతుంది, బ్రేక్ వేస్తే కొడుతుంది. కస్టమరు వచ్చి "బండి కొడుతోందయ్యా" అంటాడు. ఆయన మనసులో ఒక కొట్టుడు ఉంటుంది. వినే కుర్రాడు ఇంకో కొట్టుడు అనుకుంటాడు. వాడు పోయి షాకబ్జర్లు విప్పుతాడు. బిల్లు కట్టి ఇంటికెళ్లేసరికి బండి మళ్లీ కొడుతుంది.

అందుకని నేను మొదట అడిగేది ఏం పాడైందని కాదు, ఎప్పుడవుతోందని. గుంటలో పడినప్పుడా? నున్నటి రోడ్డు మీద కూడానా? స్పీడు ఎనభై దాటాకా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, పావుగంట తిరిగాకా? ఏసీ వేస్తేనేనా? ఈ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగేది మీరే. రోజూ నడిపేది మీరు. నేను నడిపేది పది నిమిషాలు.

ఇంట్లో మీరే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు, వెనక ఎవరూ లేనప్పుడు, ఏ స్పీడులో బండి కొడుతోందో ఆ స్పీడుకి తీసుకెళ్లండి. అక్కడ క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలేయండి. బండి తన ఊపుతో పోతుంటుంది. కొట్టుడు ఆగిపోయిందా? అయితే గోల ఇంజిన్ వైపు. అలాగే ఉందా? అయితే చక్రాల వైపు. రెండు క్షణాల పని. దీనికి స్కానర్ అక్కర్లేదు, జాక్ అక్కర్లేదు. ఈ ఒక్క పని చేసి వస్తే మీ మెకానిక్ పని సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు ఒక కారు సంగతి చెబుతాను. 2024 మే నెలలో వచ్చింది. 2009 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. కంపెనీ పేరు మనకి అనవసరం, ఏ కంపెనీ కారుకైనా ఇలాగే జరుగుతుంది. నడిపేది రిటైరైన లెక్చరర్ గారు. మేం మాస్టారు అంటాం. మాస్టారి ఫిర్యాదు రెండు ముక్కలు: "పికప్ చచ్చిపోయింది. బండి ఎత్తి పడేస్తోంది." అప్పటికే ఒకచోట నాలుగు షాకబ్జర్లూ మార్పించుకున్నారు, 14 వేలు అయింది. తేడా రాలేదు. ఇంకోచోట క్లచ్ పోయిందన్నారు, మొత్తం దించాలన్నారు. ఆ మాట విని మా దగ్గరికి వచ్చారు.

నేను టీ తెప్పించి కూర్చోబెట్టాను. ఎప్పటి నుంచి అన్నాను. రెండు మూడు నెలలు అన్నారు. దానికి ముందు ఏమైంది? ఏమీ కాలేదు అన్నారు. కాసేపాగి, సంక్రాంతికి కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లాం, కారు నెల రోజులు సెల్లార్లోనే ఉంది అన్నారు. ఆ మాట నేను చెవిలో వేసుకున్నాను. సెల్లార్లో నెల రోజులు నిలబడిన కారంటే నాకు ముందు గుర్తొచ్చేది ఎలుక.

ఇంజిన్ వేడెక్కకముందే టైర్లకి గేజ్ పెట్టాను. ముందు రెండూ 44, 43 పీఎస్ఐ. వెనకవి 40, 41. డ్రైవర్ డోరు తీస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, చూశారా ఎప్పుడైనా? మాస్టారి కారు స్టిక్కర్ మీద 30 అని ఉంది. ఇదేంటి మాస్టారూ అంటే, మైలేజీ కోసం కాస్త ఎక్కువ కొట్టమని తనే చెప్పారట. పంక్చర్ షాపు కుర్రాడిదేం పోయింది, కొట్టేశాడు. టైర్ల మీద డేట్ చూస్తే 0815. అంటే 2015లో ఎనిమిదో వారం తయారైంది. తొమ్మిదేళ్ల రబ్బరు, దాంట్లో 44 గాలి. ఎండలో రాయిలా ఉంటుంది. గుంటని మింగాల్సిన టైరు గుంటని పైకి పంపిస్తుంది. దాన్ని షాకబ్జర్ ఎంతని ఆపుతుంది?

గాలి 30కి దించి అదే రోడ్డు మీద తిప్పాం. గుంటల దడదడ సగం తగ్గింది. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. 14 వేల గురించి ఆలోచిస్తున్నారని తెలుస్తూనే ఉంది.

పాత షాకబ్జర్లు ఏం చేశారని అడిగాను. డిక్కీలోనే ఉన్నాయి. మాస్టారు ఏదీ పారేయరు. తీసి నిలబెట్టి నొక్కి చూశాను. మూడు బాగానే ఉన్నాయి, రాడ్డు నెమ్మదిగా, ఒకే బిగువుతో కదులుతోంది. వెనక ఎడమ వైపుది మాత్రం ఆయిల్ కారి ఒళ్లంతా మట్టి పట్టి ఉంది, నొక్కితే మధ్యలో ఖాళీగా జారిపోతోంది. కాబట్టి మార్చిన వాళ్లు మోసం చేశారని నేను అనను. ఒకటి నిజంగానే పోయింది. పద్ధతిగా అయితే వెనక రెండూ జతగా మార్చాలి. ముందు రెండూ అనవసరం.

తర్వాత మాస్టారినే నడపమన్నాను. యజమాని ఎలా నడుపుతాడో చూడటం కూడా పరీక్షేనండి. కొంతమంది క్లచ్ మీద కాలు తీయరు. కొంతమంది ముప్పైలో నాలుగో గేరు వేసి ఇంజిన్ని ఏడిపిస్తారు, పికప్ లేదంటారు. మాస్టారి నడక బాగానే ఉంది. ఆటోనగర్ నుంచి బెంజ్ సర్కిల్ వైపు పోయి, అటునుంచి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాం. ఎక్కుడు మొదలవగానే మూడో గేరులో బండి ముందుకీ వెనక్కీ ఊగింది. ఎవరో వెనక నుంచి తోసి వదిలేస్తున్నట్టు. దిగాక నేను స్టీరింగ్ తీసుకున్నాను. నలభైలో తొక్కితే జర్క్. క్లచ్ తొక్కితే లేదు. అంటే మాస్టారు 'ఎత్తి పడేస్తోంది' అన్నదాంట్లో ఒక ముక్క రోడ్డుది, ఇంకో ముక్క ఇంజిన్ది. రెండూ కలిపి ఒకే మాటలో చెప్పారు.

క్లచ్ సంగతి కూడా అక్కడే తేల్చేశాను. నలభైలో నాలుగో గేరు వేసి పూర్తిగా తొక్కండి. క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉంటే ఇంజిన్ కేకలు వేస్తుంది, ఆర్పీఎం ముల్లు పైకి పరిగెడుతుంది, బండి స్పీడు మాత్రం పెరగదు. కాలిన వాసన కూడా వస్తుంది. మాస్టారి బండిలో ఇంజిన్ కూడా పెరగట్లేదు. లాగే శక్తే లేదు దానికి. అంటే క్లచ్ దించాల్సిన పని లేదు.

బ్రేకులు పట్టేస్తున్నాయేమో కూడా చూడాలి. చదునైన చోట న్యూట్రల్‌లో వదిలితే బండి హాయిగా దొర్లాలి. పది కిలోమీటర్లు తిరిగొచ్చి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టండి, అంటించకండి, కాలుతుంది. నాలుగింటిలో ఒకటి మాత్రం మండిపోతుంటే అక్కడ కాలిపర్ పిన్నో, హ్యాండ్ బ్రేక్ కేబులో బిగుసుకుంది. పాపం ఇంజిన్ బాగానే ఉంటుంది, మనమే బ్రేక్ వేసుకుని నడుపుతుంటాం. మాస్టారి బండికి ఆ జబ్బు లేదు.

షెడ్డుకొచ్చాక మా కుర్రాడు స్కానర్ పెట్టాడు. "అన్నా, కోడ్లేం లేవు, బండి ఓకే" అన్నాడు. ఇక్కడ ఒక మాట. బండి తన జబ్బు తనే పసిగట్టి చెప్పే ఏర్పాటుని ఓబీడీ-2 అంటారు, మన దేశంలో బీఎస్-4 ప్రమాణాల కార్లకి అది 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. అలాంటి కారు అయితే ఏ సిలిండర్ మిస్ కొడుతోందో, అంటే పెట్రోలుని సరిగా మండించకుండా వదిలేస్తోందో, కంప్యూటరే లెక్కపెట్టి పి-0301, పి-0302 అని చెబుతుంది, చివరి అంకె సిలిండర్ నంబరు. 2009 కారు కంప్యూటరుకి అంత తెలివి ఉండాలన్న రూలు అప్పట్లో లేదు. ఏదైనా సెన్సార్ తీగ తెగితే చెబుతుంది. మిస్ కొడితే చాలావాటికి తెలియదు. స్కానర్ ఏమీ చెప్పలేదంటే బండికి జబ్బు లేదని కాదు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకి ఇది చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది.

కాబట్టి స్పార్క్ ప్లగ్గులు విప్పాం, సిలిండర్లో పెట్రోలుని అంటించేవి అవే. ప్లగ్గు మొహం చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. లేత గోధుమ రంగు ఉంటే ఆరోగ్యం. పొడిపొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది లేదా గాలి తక్కువ వస్తోంది. నూనె తడి ఉంటే పిస్టన్ రింగుల దగ్గరో, వాల్వ్ సీళ్ల దగ్గరో ఆయిల్ దిగుతోంది. తెల్లగా మాడి ఉంటే మరీ వేడిగా మండుతోంది. మాస్టారి బండిలో మూడు ప్లగ్గులు గోధుమ రంగు, మూడో సిలిండర్ది మాత్రం నల్లగా తడిసి పెట్రోలు కంపు. ఆ సిలిండర్లో పెట్రోలు దిగుతోంది కానీ అంటుకోవట్లేదు.

సాయంత్రం చీకటి పడేదాకా ఆగి, ఇంజిన్ స్టార్ట్ చేసి, మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో ప్లగ్గు వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లాను. మూడో వైరు దగ్గర నీలి మెరుపు టిక్ టిక్ మంటూ ఇంజిన్ బాడీ మీదికి దూకుతోంది. టార్చ్ వేసి చూస్తే ఎలుక పళ్ల గుర్తులు. మాస్టారిని పిలిచి చూపించాను. "బెంగళూరు ట్రిప్పా!" అన్నారు. ఇంట్లో మీరు ఈ పరీక్ష చేయకండి, ఆ వైర్లలో వేల ఓల్టులు ఉంటాయి.

మరి ఊరికే నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే ఎందుకు మిస్ కొడుతోంది? బాగా తొక్కినప్పుడు సిలిండర్లోకి గాలీ పెట్రోలూ ఎక్కువ చేరతాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ ఓల్టేజి కావాలి. అప్పుడు కరెంటు ప్లగ్గు దాకా పోవడం కంటే ఎలుక కొరికిన చోట బయటికి దూకడమే సులువు. అందుకే సిగ్నల్ దగ్గర మాత్రమే చూసి బండి బాగుందనకూడదు.

వైర్ల సెట్టూ, నాలుగు ప్లగ్గులూ మార్చాం. జర్క్ పోయింది. మాస్టారు సంతోషంగా డబ్బులు తీయబోయారు. నేను ఆగమన్నాను. ఎందుకంటే నేను మళ్లీ ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్లి చూశాను. ఊగడం లేదు గానీ అరవై, డెబ్భై దాటడానికి ఇంకా మూలుగుతోంది. కింద గేర్లలో పర్వాలేదు. ఆర్పీఎం పెరిగే కొద్దీ ముక్కు మూసినట్టు ఉంటోంది.

ముక్కు మూసినట్టు అన్నానే, నిజానికి మూసుకుపోయింది ముక్కు కాదు, వెనక. ఇంజిన్ గాలి పీల్చుకోవాలంటే ముందు పీల్చింది బయటికి వదలాలి కదా. వ్యాక్యూమ్ గేజ్ అని ఒకటి ఉంటుంది, ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలుస్తుంది, ఇన్‌టేక్ పైపుకి తగిలిస్తాం. పాతకాలం సామాను, ఇప్పుడు కుర్రాళ్లు వాడరు. మన విజయవాడ లాంటి పల్లపు ఊళ్లో మంచి ఇంజిన్ ఐడిల్‌లో, అంటే ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు, పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాల మధ్య చూపిస్తుంది. మాస్టారి బండి 18 చూపించింది, శుభం. అప్పుడు ఆర్పీఎం 2,500 దగ్గర పట్టుకుని నిలిపాను. మామూలుగా అయితే ముల్లు ఒకసారి కిందికి పోయి మళ్లీ 18 దగ్గరికి వచ్చి నిలబడాలి. ఇది నిలబడలేదు. చూస్తుండగానే 16, 14, 12, మెల్లగా కిందికి జారుతోంది. పొగ బయటికి పోక వెనక్కి తన్నుతోంది. నిర్ధారణకి ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ కన్నం తెరిచి ఉంచి ఒకసారి రేస్ చేశాం. భయంకరమైన చప్పుడు, కానీ ఇంజిన్ ఒక్కసారిగా గొంతు విప్పింది.

సైలెన్సర్ దారిలో పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు; దాన్ని దించి లైటు పెట్టి చూస్తే, తేనెపట్టు లాంటి పింగాణీ గదులు ఉండాలి, ఒక పక్క అంతా కరిగి ముద్దయిపోయింది. అంటుకోని పెట్రోలు ఎక్కడికి పోతుందనుకున్నారు? సిలిండర్ దాటి సైలెన్సర్ వైపు పోయి కన్వర్టర్లో మండుతుంది. అది కొన్ని వందల డిగ్రీల వేడిలో పనిచేసే వస్తువు. అక్కడే పెట్రోలు మండితే 1,400 డిగ్రీలు దాటి పింగాణీ కరుగుతుంది. ఎలుక కొరికింది ఒక వైరుని. ఆ మిస్‌తోనే రెండు నెలలు నడపడం వల్ల కన్వర్టర్ పోయింది.

కొంతమంది ఇక్కడ నన్ను అడుగుతారు, లోపలి పింగాణీ పొడిచేసి, ఖాళీ డబ్బా వెల్డింగ్ పెట్టేయవయ్యా, ఖర్చు తగ్గుతుంది అని. నేను చేయను. చట్టం ఒప్పుకోదు, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరుకుతారు, అన్నిటికీ మించి ఆ పొగ పీల్చేది మన పిల్లలే. మాస్టారు కొత్తదే వేయించుకున్నారు. వరస మాత్రం గమనించండి. ముందు మిస్ ఆపాలి, తర్వాతే కన్వర్టర్. ముందు కన్వర్టర్ మార్చి ఉంటే కొత్తది కూడా రెండు నెలల్లో కరిగేది. కొత్త కార్లలో చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే కన్వర్టర్ని కాల్చేంత మిస్ నడుస్తోందని. అప్పుడు కాలు తేలిక చేసి, దగ్గర్లో ఆపడమే.

మాస్టారి కథ అయింది. మిగతావి కొంచెం వేగంగా చెప్పేస్తాను.

పికప్ తగ్గితే ముందు ఖర్చు లేనివి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు మీరే తీయొచ్చు. ఒకసారి ఒక డబ్బా తీస్తే లోపల కొబ్బరి పీచు, ప్లాస్టిక్ ముక్కలు, ఎలుక కాపురం. ఇంజిన్ ఊపిరాడక చచ్చిపోతోంది పాపం. తర్వాత ఇంజిన్లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్, ఫ్యూయల్ ఫిల్టర్, పెట్రోల్ పంపు ప్రెషర్. పెట్రోల్ పంపు ట్యాంకులో ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వ్ లైటు మీదే నడిపేవాళ్లు పంపుని వేడిలో వేయిస్తున్నట్టే. ప్రెషర్ తగ్గిన బండి ఊళ్లో బాగానే ఉంటుంది, గన్నవరం రోడ్డెక్కి తొక్కితే నీరసపడుతుంది.

ఇవన్నీ బాగుండి కూడా లాగకపోతే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. ప్లగ్గు కన్నంలో గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తాం. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాం. పెరిగిందా, రింగులు అరిగాయి. పెరగలేదా, వాల్వులు. ఈ కొలత లేకుండా ఇంజిన్ బోర్‌కి వచ్చిందని, అంటే మొత్తం విప్పి సిలిండర్లు సాపు చేయాలని ఎవరైనా చెబితే, గేజ్ పెట్టి చూపించమనండి. అడగడంలో తప్పు లేదు. నా షెడ్డుకి వచ్చినా అడగండి.

డీజిల్ వాళ్లు చేతులెత్తుతున్నారు. మీకు స్పార్క్ ప్లగ్గులు లేవు కాబట్టి వరస మారుతుంది. నల్లపొగ వస్తూ పికప్ లేదంటే గాలి తక్కువవుతోంది. టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం చీలిందేమో చూడండి, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తుంది. పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకోవడం ఇంకోటి. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు తీయించకపోవడం మూడోది.

ఇక కుదుపుల సంగతి. బానెట్ మూల మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలడం మీ అందరికీ తెలుసు. ఒకటిన్నర ఊపులో ఆగాలి, అంతకు మించి ఊగితే షాకబ్జర్ పోయినట్టు. ఆగితే మాత్రం బాగుందని చెప్పలేం. సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బర్లు, బుష్‌లంటాం, అవి బిగుసుకుపోయినా ఆగుతుంది కదా. నేను నమ్మేది టైరునే. అరచెయ్యి టైరు ఒంటి మీద నెమ్మదిగా తిప్పండి. ఎత్తు పల్లాలుగా, అలలు అలలుగా తగిలితే ఆ చక్రం రోడ్డు మీద గెంతుతూ నడుస్తోంది, షాకబ్జర్ దాన్ని పట్టుకోలేకపోతోంది. ఒక అంచే అరిగితే అలైన్‌మెంటో, లోయర్ ఆర్మ్ బుష్షో. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువతో నడిపారు. మధ్య అరిగితే మాస్టారి లాగా ఎక్కువ కొట్టించారు.

చిన్న గుంటలకి టకటకమంటూ సన్నటి చప్పుడైతే ముందు లింక్ రాడ్లు చూడండి, చవక, అరగంట పని. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు నుంచి టుంగుమని స్ప్రింగు చప్పుడు వస్తే పైనుండే స్ట్రట్ మౌంటింగ్. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా దిగినా ధబ్‌మంటే బుష్. బ్రేక్ వేస్తేనే పెడల్ కొడితే డిస్క్. ఎనభై, తొంభై దగ్గర స్టీరింగ్ వణికి, వంద దాటితే తగ్గిపోతే అది దాదాపు వీల్ బ్యాలెన్సింగే. బ్యాలెన్స్ చేసినా పోకపోతే రిమ్ము వంగిందేమో, టైరు ఒకచోట ఉబ్బిందేమో తిప్పి చూడాలి. మన రోడ్ల మీద రిమ్ము వంగకుండా ఉంటేనే ఆశ్చర్యం.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు సీటు, స్టీరింగ్ వణుకుతూ, న్యూట్రల్ నుంచి గేరు వేయగానే ధడ్‌మంటే ఇంజిన్ మౌంటింగులు. రబ్బరు చిరిగి ఇంజిన్ ఊగుతుంటుంది. బానెట్ తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు నెమ్మదిగా క్లచ్ వదులుతుంటే ఇంకొకరు పక్క నుంచి చూస్తే ఇంజిన్ ఎంత ఒరుగుతోందో కనపడుతుంది. పక్క నుంచి అన్నాను, బండికి ఎదురుగా మాత్రం నిలబడకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాకే మా కారు పికప్ పోయింది, దానివల్లేనా అని ఒకరు అడిగారు.)

రోజుకి నలుగురు అడుగుతున్నారండి ఇది. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే లీటరు మొత్తం మీద తగ్గేది ఆరేడు శాతం. అది మైలేజీలో తెలుస్తుంది. ఫ్లైఓవర్ మీద రెండో గేరుకి దిగాల్సి వస్తోందంటే మాత్రం వేరే కారణం వెతకండి. ఇథనాల్ మీద నెట్టేసి ఊరుకుంటే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. అలాగని పాత కారుకి ఏమీ కాదని కూడా నేను అనను. అప్పటి రబ్బరు పైపులు, వాషర్లు ఈ పెట్రోలుని దృష్టిలో పెట్టుకుని చేసినవి కాదు. ఏడాదికోసారి ఫ్యూయల్ పైపులు చూపించండి, చీలికలు, చెమ్మ ఉంటే మార్చేయండి. ఇంకొకటి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి బండిని నిలబెట్టకండి. అమెరికా వెళ్లి ఆరు నెలలకి వచ్చేవాళ్లు ఈ అపార్ట్‌మెంట్లో కూడా ఉన్నారని నాకు తెలుసు.

(పెట్రోల్లో కలిపే క్లీనర్ సీసాల గురించి, ఇంజిన్ డీకార్బనైజింగ్ గురించి ఒకరు అడిగారు.)

ఇంజెక్టర్ మురికి ఉంటే మంచి క్లీనర్ కొంత పనిచేస్తుంది. ఎలుక కొరికిన వైరుని సీసా అతికించదు కదండీ. ముందు కారణం తెలుసుకుని తర్వాత సీసా కొనండి. డీకార్బనైజింగ్ కూడా అంతే. కార్బన్ ఉందని చూపించి చేస్తే సరే. సర్వీసుకి వచ్చిన ప్రతి బండికీ బిల్లులో వేస్తే నేనైతే ఒప్పుకోను.

(పదిహేనేళ్లు దాటిన కారు మీద ఇంత ఖర్చు పెట్టొచ్చా అని ఒక అమ్మ అడిగారు.)

మంచి ప్రశ్న అమ్మా. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. నేను చూసేది మూడు. అడుగు భాగం తుప్పు పట్టిందా, కంప్రెషన్ బాగుందా, ఇంజిన్ ఆయిల్ తాగుతోందా. బాడీ కింద తుప్పు పట్టి సస్పెన్షన్ బిగించే చోట్లే బలం పోతే నేను డబ్బు పెట్టనివ్వను, ఎంత ఇష్టమైన కారైనా. కంప్రెషన్ బాగుండి, బాడీ గట్టిగా ఉంటే టైర్లు, బుష్‌లు, ప్లగ్గులు ఇవన్నీ అరిగేవే, ఎప్పుడో ఒకప్పుడు మార్చేవే. మాస్టారి కారు ఇప్పటికీ తిరుగుతోంది. మొన్న దసరాకి కొండ మీదికి కూడా వెళ్లొచ్చారట. ఎలుకలకి మాత్రం ఆయన రోజూ రాత్రి బానెట్ తీసి పెడుతున్నారు. చీకటి, వెచ్చదనం లేకపోతే అవి రావని ఎవరో చెప్పారట. నిజమో కాదో గానీ మళ్లీ కొరకలేదు.

ఇంకో ప్రశ్న ఉందా? లేదు కదా. నా బ్యాగులో గేజ్ ఉంది, చిన్న గాలి పంపు కూడా తెచ్చాను. బండ్లు రాత్రి నుంచి తీయలేదు కాబట్టి టైర్లు చల్లగానే ఉన్నాయి, కొలవడానికి ఇదే సరైన సమయం. తాళాలు తీసుకుని కిందికి రండి. డోరు పక్కన స్టిక్కర్ మీద ఎంత ఉందో మీరే చదివి నాకు చెప్పాలి. ముందు ఆ తెల్ల కారాయన.